నవజాత శిశువుల రక్తమున శిలీంధ్రము

తిరువళ్లూరు జిల్లాలో, మనవారు కుశస్థలి యనియు తమిళులు కొసస్థలై యనియు పిలుచు నది యొడ్డున, తామరైపాక్కం అను గ్రామము కలదు. అచ్చట నదికి అడ్డముగా ఒక పాత ఆనకట్ట యున్నది. చెన్నపట్టణమునకు త్రాగునీరు తెచ్చు ఏర్పాటు 1872లో ఆరంభమైనపుడు, ఈ ఆనకట్ట కడ మరలించిన నీరే కాలువ వెంట చోళవరము చెరువునకును, అచ్చటినుండి పుళల్ చెరువునకును చేరి పట్టణవాసుల దాహము తీర్చెను. కాలువలతో పరిచయము గలవారందఱు ఎఱిగిన విషయ మొకటి కలదు. నీరెంత వడిగా పారినను రాతికి పట్టిన పాచి కొట్టుకొనిపోదు. పైపొర తునిగి నీటితో పోవును. అడుగుపొర అంటుకొనియే యుండి మఱల పెరుగును. తునిగిపోయిన ముక్క దిగువ నెచ్చటనో మఱియొక రాతిని పట్టుకొనును. ఈ వ్యాసమున వివరింపబోవు వ్యాధి మర్మము చాలవఱకు ఈ పాచిలోనే యున్నది.

తామరైపాక్కం, ఊత్తుక్కోట, తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములలో తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1వ తేదీన మద్రాసు రాష్ట్రమున చేరువఱకు చిత్తూరు జిల్లాలోనిదే. ఈ పల్లెలలో నెలలు నిండకమునుపే కాన్పు వచ్చినచో, బిడ్డ కిలో, కిలోంబావు తూకముతో పుట్టినచో, మన తాతల కాలమున చేయగలిగిన దేమియు లేకుండెను. దూదిలో చుట్టి, కుంపటి ప్రక్కన పెట్టి, దేవునికి మ్రొక్కుకొనెడివారు. నేడట్లు కాదు. 2022 జనవరిలో ప్రారంభమైన తిరువళ్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల దగ్గఱలోనే యున్నది. అంతకు మించిన అవసరము కలిగినచో చెన్నపట్టణమున ఎగ్మూరు ప్రసూతి వైద్యశాల, పిల్లల వైద్యశాల కలవు. ఉత్తరపు వైపు వారు తిరుపతికి పోవుదురు. వెచ్చదనమునకు ఇన్‌క్యుబేటరు, ఊపిరికి వెంటిలేటరు, ఆహారమునకు నరములోనికి దించిన సన్నని గొట్టము, క్రిములను చంపుటకు యాంటిబయాటిక్ మందులు — వీని బలముచే కిలో తూగని శిశువులు సైతము నేడు బ్రతుకుచున్నారు. ఇది సామాన్యమైన విజయము కాదు.

కాని ఈ విధముగా మొదటి వారము గట్టెక్కిన బిడ్డలలో కొందఱిని రెండవ వారముననో మూడవ వారముననో వేఱొక ఆపద పట్టుకొనుచున్నది. తల్లిదండ్రులు "బిడ్డ తేరుకొన్నది, తూకము పెరుగుచున్నది" అని ఊరికి కబురు పంపిన మఱునాడే, "రక్తములో ఫంగసు చేరినది" అని వైద్యులు చెప్పుదురు. ఆ మాట వినినవారికి బూజు పట్టిన రొట్టె, చెమ్మగోడలు స్ఫురించును. తామేదో అశుచి చేసితిమేమో యని తల్లి కుములును. కొన్ని ఇండ్లలో అత్తవారు ఆమెనే నిందించుటయు కలదు. ఈ నింద సరికాదని తెలియవలెనన్నచో ఈ వ్యాధి ఎట్లు పుట్టునో తెలిసికొనవలెను. ఇది బయటినుండి దండెత్తి వచ్చు శత్రువు కాదు. బిడ్డను బ్రతికించుటకు మనము తెఱచిన ద్వారముల గుండనే లోనికి ప్రవేశించును. కావున ఇది విధివ్రాత కాదు. ఆయా వైద్యశాలల యలవాట్లను బట్టి హెచ్చుచు తగ్గుచు నుండును. అమెరికా దేశమున పలు వైద్యశాలలు కూడి 1998 మొదలు 2001 వఱకు కిలోకంటె తక్కువ తూకముతో పుట్టిన శిశువులను గమనించినపుడు, మొత్తము మీద నూటికి సుమారు ఏడుగురికి ఈ వ్యాధి సోకినట్లు తేలినది. విచిత్రమేమనగా, ఒక వైద్యశాలలో నూటికి 2.4 వంతున ఉండగా మఱియొకచోట 20.4 వంతున నుండెను. దేశ మొక్కటే, శాస్త్ర మొక్కటే, శిశువుల తూకము నొక్కటే. భేద మెచ్చటినుండి వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

ముందుగా ఈ శిలీంధ్ర మెట్టిదో చూతము. శిలీంధ్రములన్నియు పుట్టగొడుగులవలె గాని బూజువలె గాని కంటికి కనబడునవి కావు. తాటికల్లును పులియించునదియు, రొట్టెపిండిని పొంగించునదియు ఒక జాతి శిలీంధ్రములే. అవి ఒక్కొక్క కణముగా నుండి, మొటిమవలె మొగ్గ తొడిగి, ఆ మొగ్గ విడిపోవుటచే పెరుగును. వీనినే ఈస్టులందురు. మన వ్యాధికి కారణమైన కాండిడా ఆ వర్గములోనిదే. పసిబిడ్డ నాలుకమీద పాలవిరుగువలె కనబడు తెల్లని పూత దీని పనియే. లాంగెన్‌బెక్ అను జర్మను వైద్యుడు 1839లో ఈ జాతి శిలీంధ్రమును ఒక రోగి దేహమున కనుగొనెను. 1853లో ఫ్రాన్సు దేశీయుడు రోబిన్ దానికి తెల్లనిది యను అర్థము వచ్చు ఆల్బికాన్స్ అను నామము నిచ్చెను. 1923లో హాలండు దేశపు విదుషి క్రిస్టీన్ బెర్క్‌హౌట్ కాండిడా యను జాతినామమును స్థిరపఱచెను. లాటిను భాషలో ఆ మాటకును తెలుపే అర్థము. తెల్లని తెల్లనిది! శాస్త్రజ్ఞులకు సైతము పునరుక్తి దోషము తప్పలేదు.

కాండిడా ఆరోగ్యవంతుల నోటను, ప్రేగులలోను, స్త్రీల జననమార్గమునను ఊరక యుండును. కీడు చేయదు. దానిని అదుపులో నుంచునవి మూడు: చర్మమును ప్రేగుగోడయు అను ప్రాకారములు, రక్తములోని తెల్లకణములు, ప్రేగులలో కాపురముండు మంచి బాక్టీరియాలు. నెలలు నిండని శిశువునకు ఈ మూడును కొఱతయే. చర్మము తడికాగితమువలె పలుచన. దాని పైపొర గట్టిపడుట ఏడవ, ఎనిమిదవ మాసములలో గాని జరుగదు. తెల్లకణములు కొద్ది, ఉన్నవియు చుఱుకైనవి కావు. తల్లి రక్తమునుండి బిడ్డకు సంక్రమించు రక్షక పదార్థములు గర్భము చివరి మూడు నెలలలోనే ఎక్కువగా చేరును గనుక, ముందే పుట్టిన బిడ్డ ఆ కట్నము పుచ్చుకొనకనే వచ్చినదన్న మాట. ఇంతవఱకు ప్రకృతి చేసిన లోపము. ఇక మనము చేయునది కలదు.

మొదటి ద్వారము యాంటిబయాటిక్ మందులు. ఈ మందులు బాక్టీరియాలను చంపును గాని శిలీంధ్రముల నేమియు చేయవు. చెడ్డ బాక్టీరియాలతోపాటు ప్రేగులలోని మంచివియు నశించును. చేను కలుపు తీయుటకై పైరును గూడ పీకివేసినచో ఖాళీ నేలను తుంగ ఆక్రమించినట్లు, ఆ చోటును కాండిడా ఆక్రమించును. ఈ సంగతి వైద్యులకు క్రొత్తగా తెలిసినది కాదు. అనేక జాతుల బాక్టీరియాలను ఒక్కుమ్మడి చంపు మందులు వాడుకలోనికి వచ్చినప్పుడే తెలిసినది. అట్టి మందులలో మొదటి వరుసలోని ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలనుండి వెలువడెను. బెంజమిన్ డగ్గర్ దానిని కనుగొనెను. ఆ కాలమున ఆ శాల పరిశోధనలకు అధిపతి మన భీమవరమున జన్మించి, చెన్నపట్టణపు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ మందు ప్రాణములు నిలిపిన వారి సంఖ్య లెక్కకు మించినది. దానిని, దాని జ్ఞాతులైన మందులను వాడిన రోగులలో నోటిపూతయు, ప్రేగులలో కాండిడాయు హెచ్చుట 1950 తరువాతి సంవత్సరములలో వైద్యులు గుర్తించిరి. సుబ్బారావుగారు 1948 ఆగస్టులోనే దివంగతులగుటచే ఇది చూడలేదు. 1953లో హెసెల్టైన్ అను శాస్త్రజ్ఞుడు క్రొత్తగా కనుగొన్న యొక శిలీంధ్ర జాతికి వారి స్మారకముగా సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టెను. తెలుగువాని పేరు ధరించిన శిలీంధ్ర మొకటి లోకమున నున్నదని మన సంఘములవారిలో ఎందఱకు తెలియును?

ప్రకృతమునకు వత్తము. పైని చెప్పిన అమెరికా వైద్యశాలల భేదమునకు కారణము వెదకినవారికి ముఖ్యముగా దొరికినది ఈ మందుల వాడుకయే. రక్తపరీక్షలో ఏ క్రిమియు కనబడని శిశువులకు సైతము, భయముచేత, అనేక దినములపాటు బలమైన యాంటిబయాటిక్కుల నిచ్చిన చోట్ల కాండిడా హెచ్చు. పరీక్ష నిర్దోషమని తేలగానే మందు నిలిపివేసిన చోట్ల తక్కువ. మూడవ తరము సెఫలోస్పోరిను లనబడు మందులు ఈ విషయమున మిక్కిలి దోషకారులు. ఐనను మన దేశపు వైద్యుని ఇక్కట్టును గ్రహింపవలెను. ఢిల్లీలోని మూడు పెద్ద వైద్యశాలలలో 2011 మొదలు 2014 వఱకు జరిపిన పరిశీలనలో, నవజాత శిశువుల రక్తమున అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా వంటి మొండి బాక్టీరియాలే మిక్కుటముగా కనబడినవి. వానిలో పెక్కు సామాన్యమైన మందులకు లొంగవు. అట్టి స్థితిలో బలమైన మందు వాడక తీఱదు. వాడిన వెనుక ఫంగసు పొంచియుండును. ముందు నుయ్యి, వెనుక గొయ్యి యను సామెత ఇచ్చట అక్షరాల నిజము.

రెండవ ద్వారము గొట్టము. నోటితో పాలు త్రాగలేని శిశువునకు చక్కెర, మాంసకృత్తులు, క్రొవ్వు కలిపిన ద్రవమును పెద్ద సిరలోనికి దించిన సన్నని గొట్టము ద్వారా ఇత్తురు. ఆ గొట్టపు కొన గుండె దగ్గఱకు పోవును. దానికి కాండిడా కణములు నాలుగు అంటుకొన్నచో, అవి తమచుట్టు జిగట పదార్థమును స్రవించి పొర కట్టును. తామరైపాక్కం ఆనకట్ట రాళ్లపై పాచివంటిదే ఈ పొర. రక్తమెంత పారినను అది కదలదు. రక్తములో మందు తగినంత యున్నను పొర యడుగున నున్న కణములకు అది చాలినంతగా చేరదు. అప్పుడప్పుడు ఒక తునుక విఱిగి ప్రవాహమున పడి మూత్రపిండములకో, కంటికో, మెదడునకో చేరి అచ్చట కాపురము పెట్టును. పైగా గొట్టము గుండ పోవు ఆహారమే దీనికి పోషణ. కాండిడా పరాప్సిలోసిస్ అను ఉపజాతికి ప్లాస్టిక్కును అంటుకొనుటయందు, చక్కెర ద్రవములలో పెరుగుటయందు ప్రత్యేక నైపుణ్యము కలదు. మలసీజియా యను వేఱొక శిలీంధ్రమునకు క్రొవ్వే ప్రాణాధారము. క్రొవ్వుద్రవము నెక్కించు శిశువులనే అది ఆశ్రయించును. ప్రయోగశాలలో దానిని పెంచుటకు పోషకముపై ఆలివునూనె పోయవలసివచ్చును.

మూడవ ద్వారము చేయి. నిజమునకు ఇదియే రాజద్వారము.

కాండిడా ఆల్బికాన్స్ చాలవఱకు కాన్పు వేళ తల్లినుండి సంక్రమించును. తక్కినవి ప్రాయికముగా వైద్యశాలలో చేతులనుండి చేతులకు, చేతులనుండి గొట్టములకు ప్రాకును. మన దేశమున దీనికి పేర్గాంచిన నిదర్శనము చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థలో జరిగినది. అచ్చటి పిల్లల విభాగమున 1996 ఏప్రిల్ మొదలు 1998 ఫిబ్రవరి వఱకు, 23 మాసముల కాలమున, 379 మంది నవజాత శిశువులకును పిల్లలకును రక్తమున పికియా అనోమలా యను శిలీంధ్రము సోకెను. ఆ కాలమున చేరిన రోగులలో ఇది నూటికి 4.2 వంతు. ఈ పికియా అంతకుముందు అంతగా ఎవరును లక్ష్యపెట్టిన జీవి కాదు. పండ్లమీదను, పులియు పదార్థములలోను ఉండు సాధు జంతువుగా దానికి పేరు. ఆ సంస్థ సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు — ఆచార్య అరుణాలోక్ చక్రవర్తిగారును వారి సహచరులును — దాని జాడ వెదకగా వైద్య సిబ్బంది చేతులమీద అది కనబడెను. 2001లో వారు ప్రకటించిన వ్యాసమున వ్యాధి ఎట్లు అణగినదో వ్రాసిరి. చేతులు కడుగుకొనుటను గూర్చి సిబ్బందికి పట్టుదలతో బోధించుటయు, అపాయమున నున్న శిశువులకు ముందుగానే నిస్టాటిన్, ఫ్లూకొనజోల్ అను మందు లిచ్చుటయు జరిగిన పిదప గాని అది అదుపులోనికి రాలేదు. దేశమున అగ్రగణ్యమైన సంస్థ. నిపుణులకు కొదవ లేదు. ఐనను రెండేండ్లకు ఒక్క మాసము తక్కువగా ఆ సూక్ష్మజీవి వారి చేతులమీదనే స్వారి చేసెను. దాచక ప్రకటించినందులకు వారిని మెచ్చుకొనవలెను. ఇట్టివి జరిగియు వెలికిరాని వైద్యశాలలు ఎన్నియో యుండునని నా యూహ.

ఇట్టిదే ఇటీవల ఢిల్లీలో నొకటి. 2021 సెప్టెంబరు మొదలు 2022 ఫిబ్రవరి వఱకు ఒక వైద్యశాలలో పదిమంది శిశువుల రక్తమున లోడరోమైసిస్ అను అరుదైన ఈస్టు దొరకెను. గది యంతయు గాలించి చూడగా, శిశువును వెచ్చగా నుంచు బల్ల కమ్మీమీదను, వేడిమిని చూపు పలకమీదను అది కనబడినది. దాది ఆ కమ్మీని పట్టుకొనును, పలకపై మీటను నొక్కును, పిమ్మట బిడ్డ నెత్తును. అమెరికాలో ఒకచోట 1990ల నాటి మలసీజియా వ్యాధికి మూలము వెదకుచు పోగా, అది సిబ్బంది యిండ్లలోని పెంపుడు కుక్కల చెవులలో తేలినది!

ఈ వ్యాధిని గుర్తించుట సులభము కాదు. జ్వరము రావలెనను నియమము లేదు. బిడ్డ ఊపిరి క్షణకాలము నిలుపుట, పాలు ఇముడకపోవుట, కడుపుబ్బుట, రక్తమున చక్కెర హెచ్చుట, ప్లేట్‌లెట్లు పడిపోవుట — ఇవన్నియు బాక్టీరియా దోషమునందును కనబడును. రక్తమును పోషకద్రవమున పెట్టి పెంచి చూచుటయే ప్రధాన పరీక్ష. కాని కిలో శిశువు శరీరమున ఉన్న రక్తమంతయు సుమారు 80, 90 మిల్లీలీటర్లు. దానినుండి పరీక్షకు తీయగలిగినది ఒకటి రెండు మిల్లీలీటర్లే. అంత కొద్ది రక్తమున శిలీంధ్రము దొరకకపోవుట తఱచు. పైని చెప్పిన అమెరికా పరిశీలనలో కాండిడా మెదడుపొరలకు సోకిన శిశువులలో రమారమి సగము మందికి రక్తపరీక్ష నిర్దోషమనియే వచ్చినది. అందువలననే అనుభవజ్ఞుడైన వైద్యుడు వెన్నునీరు తీయవలెననును. ఆ మాట వినగానే మన కుటుంబములలో పెద్దలు హడలి, సంతకము పెట్టక వెనుదీయుట కలదు. సాధారణముగా, అనుభవజ్ఞుల చేతిలో, అది శాశ్వతమైన కీడు చేయు పరీక్ష కాదు. చేయకపోవుటయే కొన్ని వేళల కీడు.

మందుల చరిత్ర కొంచెము చెప్పవలెను. 1950లో న్యూయార్కు రాష్ట్ర ఆరోగ్యశాఖలోని ఎలిజబెత్ హేజన్, రేచల్ బ్రౌన్ అను ఇద్దఱు విదుషీమణులు ఒక పొలపు మట్టిలోని సూక్ష్మజీవినుండి నిస్టాటిన్‌ను వెలికి దీసిరి. అది శిలీంధ్రములను చంపు మందులలో మనుష్యులకు పనికివచ్చిన తొలి యాంటిబయాటిక్. తమ రాష్ట్రము పేరే దానికి పెట్టిరి. దానివలన వచ్చిన ధనమును తాముంచుకొనక శాస్త్ర పరిశోధనలకే వినియోగించిరి. ఐతే నిస్టాటిన్ నోటికి, ప్రేగులకు, చర్మమునకు మాత్రమే పనికివచ్చును, రక్తములోనికి ఎక్కింపరాదు. అందులకు యోగ్యమైన ఆంఫోటెరిసిన్ 1955 ప్రాంతమున వెనెజులా దేశపు ఒరినోకో నదీతీరపు మట్టినుండి లభించెను. పెద్దలకు అది మూత్రపిండములను బాధించునని అపకీర్తి గలదు. నవజాత శిశువులు దానిని పెద్దలకంటె బాగుగా ఓర్చుకొందురు. మన దేశమునను పింపిరిలోని హిందూస్థాన్ యాంటిబయాటిక్స్ వారి శాలలో తిరుమలాచార్‌గారు హామైసిన్ అను ఈ జాతి మందును కనుగొనిరి. తరువాత ఫ్లూకొనజోల్ వచ్చినది. అటుపిమ్మట మైకాఫంగిన్ మొదలగునవి. మందొక్కటియే చాలదు. గొట్టమును తీసివేయవలెను. పాచి పట్టిన రాతిని అట్లే యుంచి నీటిలో మందు కలిపిన ప్రయోజనమేమి? రక్తము శుద్ధమైనదని పరీక్షలో తేలిన దినము మొదలు ఇంకను రెండు వారములు మందు సాగవలెను. ఖర్చునకు వెఱచి, బిడ్డ కన్నులు తెఱచి చూచుచున్నదని మధ్యలో ఇంటికి తీసికొనిపోవుట మహాపాయకరము.

ఇటీవల ఈ వ్యాధి మఱింత జటిలమైనది. 2009లో జపానుదేశమున ఒక వృద్ధ స్త్రీ చెవినుండి క్రొత్త ఉపజాతి యొకటి దొరకెను. చెవికి లాటిను పేరైన ఆరిస్ దానికి నామమైనది. కొలది యేండ్లకే మన దేశమున ఇది రక్తమున కనబడెను. దేశమున 27 ఇంటెన్సివ్ కేర్ విభాగములలో జరిపిన పరిశీలనలో — పెద్దలను, పిల్లలను కలిపి 1,400 మంది రోగులు — కాండిడా ట్రాపికాలిస్ నూటికి 41.6 వంతులతో ప్రథమస్థానమున నుండగా, ఆరిస్ 74 మందిలో మాత్రమే దొరకినది. ఐనను ఆ 74 మంది 19 విభాగములలో నుండిరి. అనగా ఇది కొద్దిగానైనను దేశమంతట వ్యాపించియున్నదన్న మాట. దీనికి ఫ్లూకొనజోల్ చాలవఱకు పనిచేయదు. బల్లలమీద, కమ్మీలమీద వారములతరబడి బ్రతుకును. సామాన్యమైన శుద్ధిద్రవములు కొన్ని దీనిని చంపజాలవు, క్లోరిను గలవి కావలెను. పాత యంత్రములు దీనిని వేఱొక ఉపజాతిగా పొరబడును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో ప్రకటించిన ప్రమాదకర శిలీంధ్రముల పట్టికలో అత్యంత క్లిష్టమైనవి నాలుగు. వానిలో ఆల్బికాన్స్, ఆరిస్ రెండును కలవు.

ఇక నివారణ. కిలోకంటె తక్కువ తూగు శిశువులకు మొదటి ఆఱు వారములు ఫ్లూకొనజోల్‌ను స్వల్పమాత్రలో ముందుగానే ఇచ్చిన ఫలమును కౌఫ్‌మన్ అను వైద్యుడును ఆయన సహచరులును అమెరికాలో పరిశీలించి 2001లో ప్రకటించిరి. నూఱుమంది శిశువులలో సగము మందికి మందు, సగము మందికి ఉత్తి ద్రవము. మందు పుచ్చుకొన్న యేబదిమందిలో ఒక్కరికైనను వ్యాధి సోకలేదు. తక్కినవారిలో పదిమందికి సోకినది. ఐనను ప్రతి వైద్యశాలలోను ప్రతి శిశువునకును ఇట్లీయవలెనని పెద్దలు చెప్పరు. వ్యాధి హెచ్చుగా నున్న చోట్ల, మిక్కిలి చిన్న శిశువులకు మాత్రము చెప్పుదురు. మన దేశమున ఫ్లూకొనజోల్‌కు లొంగని జాతులు పెరుగుచున్నవి గనుక ఈ విషయమున తొందరపడరాదని నా యభిప్రాయము. చేతులు కడుగుకొనని చోట మందు జల్లుట, కప్పు కారుచుండగా నేల తుడుచుట వంటిది.

తల్లిదండ్రుల చేతిలో నున్నవి కొన్ని కలవు. గర్భిణికి జననమార్గమున దురద, పెరుగువంటి తెల్లబట్ట కనబడినచో సిగ్గుపడి దాచక, కాన్పునకు ముందే చికిత్స పొందవలెను. బిడ్డ ఇంటెన్సివ్ కేరులో నున్నను తల్లి చనుబాలు పిండి పంపవలెను, చుక్కలైనను సరియే. ఆ పాలు ప్రేగులలో మంచి బాక్టీరియాలను నిలుపును. పాలు త్వరగా ఇమిడినచో గొట్టము త్వరగా తీయవచ్చును. తల్లి తన ఱొమ్ముమీద బిడ్డను చర్మమునకు చర్మము తగులునట్లు కట్టుకొను పద్ధతి 1978 ప్రాంతమున కొలంబియా దేశపు బొగోటాలో ఆరంభమైనది. ఇన్‌క్యుబేటరులు చాలక చేసిన పని యది. దానినే పుట్టినది మొదలు, బిడ్డ తేరుకొనువఱకు ఆగక, ఆరంభించినచో ఏమగునని భారతదేశముతో సహా ఐదు దేశములలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలింపగా — ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ వైద్యశాల అందొకటి — 2021లో ఫలితము వెలువడెను: మరణములు నూటికి 15.7 నుండి 12కు తగ్గినవి, రక్తదోషమును తగ్గినది. తల్లి చర్మముమీది సూక్ష్మజీవులు ఆసుపత్రి కమ్మీమీది వానికంటె బిడ్డకు హితవైనవి. తల్లిని గది వెలుపల నిలుపుటయే శుచి యని తలచు వైద్యశాలలు నేటికిని కలవు. కుటుంబమును బిడ్డ సంరక్షణలో భాగస్వామిని చేయవలెనని కేంద్ర ప్రభుత్వము 2017లోనే మార్గదర్శక సూత్రములు వెలువరించినది గనుక, లోనికి రానిండని తల్లి అడుగుట తగని పని కాదు.

లోనికి పోవునపుడు గాజులు, ఉంగరములు, చేతిగడియారము తీసివేయవలెను. వాని క్రింద సబ్బు చేరదు. పుట్టింటివారు వేసిన గాజులు తీయరాదని పట్టుపట్టు అమ్మమ్మలున్నారు. బిడ్డ మణికట్టుకు రక్షరేకు, తాయెత్తు కట్టుటయు, తేనె నాకించుటయు, వసకొమ్ము అఱగదీసి నాలుకకు రాయుటయు మన యిండ్లలో వాడుక. బిడ్డ ఇంటికి వచ్చి, వైద్యుడు సరేయనువఱకు ఇవేవియు పనికిరావు. తడిసిన తాయెత్తు త్రాడు ఈస్టునకు మంచి యిల్లు. నూనె రాచుట మాత్రము విచిత్రమైన విషయము. ఢాకా పిల్లల వైద్యశాలలో నెలలు నిండని శిశువులకు ప్రొద్దుతిరుగుడు నూనె మెల్లగా రాయగా ఆసుపత్రి దోషములు నూటికి 41 వంతులు తగ్గినట్లు 2005లో ప్రకటించిరి. అమెరికాలోని ఒక వైద్యశాలలో పెట్రోలియము లేపనము రాచిన అతి చిన్న శిశువులలో కాండిడా హెచ్చినట్లు 2000లో ప్రకటించిరి. కావున ఏ నూనె, ఏ బిడ్డకు, ఎప్పుడు అనునది అక్కడి వైద్యుని అడిగియే చేయవలెను. సీసా సంచిలో దాచి తెచ్చి, దాది అటు తిరిగినపుడు రాయరాదు.

వ్యాధినుండి కోలుకొని ఇల్లు చేరిన బిడ్డను గూర్చి ఒక మాట. రక్తమున కొట్టుకొనిపోయిన తునుకలు కంటి లోపలి పొరను, మూత్రపిండములను, గుండె కవాటములను, మెదడును చేరి యుండవచ్చును. కావున ఇంటికి పంపుటకు ముందు కంటి వైద్యుడు కన్ను లోపల చూచినాడా, కడుపునకును గుండెకును తలకును అల్ట్రాసౌండు తీసినారా, తీసినచో ఏమి కనబడినది అను సంగతులు కాగితముమీద వ్రాయించుకొనవలెను. కన్ను చూచుట ఒక్కమారుతో సరిపోదు. నెలలు నిండని శిశువులకు కంటిపొర రక్తనాళముల దోషము వేఱుగా వచ్చునది గనుక దానికిని కలిపి మఱల మఱల పోవలసియుండును. తల నిలుపుట, కూర్చుండుట, మాట పలుకుట మొదలగువానిని రెండేండ్ల వఱకు గమనింపవలెను. ఆ లెక్క పుట్టిన తేదీనుండి కాక, పుట్టవలసిన తేదీనుండి వేయవలెను. తామరైపాక్కంనుండి ఎగ్మూరునకు ఇందులకై నెల నెలా పోవుట కూలి చేసికొనువారికి కష్టమే. ఆ కాగితము చేతిలో నున్నచో తిరువళ్లూరులోనే సగము పరీక్షలు జరిపించుకొనవచ్చును.